తక్కువ డబ్బుతో పాత ట్రాక్టరు, ట్రక్కు కొనేటప్పుడు

చేతిలో 3 లక్షలుంటే ట్రాక్టరు, వెనక తగిలించే ట్రక్కు కలిపి 2 లక్షల 40 వేల దగ్గర బేరం ఆపండి. మిగిలిన 60 వేలు ఖర్చు కాకుండా ఉండవు. ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి, ట్రక్కు హబ్బు బేరింగులు అన్నీ మొదటి నెలలోనే మీద పడతాయి. వెనక టైర్లు కూడా అరిగి ఉంటే ఆ 60 వేలు చాలవు. అలాంటి బండికి టైర్ల ఖరీదు బేరంలోనే తగ్గించుకోవాలి, తర్వాత చూద్దామంటే కుదరదు.

ఇంకో లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టరు వెనక టైర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అమ్మేవాళ్లు కొందరు ఇంకా పాత షోరూం ధర చెప్పి దాంట్లో సగం అడుగుతారు. ఇవాళ్టి షోరూం రేటు కనుక్కునే బేరానికి కూర్చోండి.

ఏ బండి అంటే, మన గుంటూరు, బెజవాడ వైపు పొలానికీ లోడుకీ కలిపి 35 నుంచి 42 హెచ్‌పీ సరిపోతుంది. మహీంద్రా 275, స్వరాజ్ 735, మాస్సీ 1035 లాంటివైతే సామాను బెజవాడ ఆటోనగర్‌లోనూ గుంటూరులోనూ దొరుకుతుంది, ఊళ్లో మెకానిక్కుకీ చెయ్యి తిరిగి ఉంటుంది. పేరు వినని మోడల్ 40 వేలు తక్కువకు వస్తోందంటే ఆ తక్కువ ఎందుకో పంపు చెడిపోయిన రోజు తెలుస్తుంది.

గంటల మీటరును నమ్మి కొనకండి. కేబులు తెగిపోయినా ఎవరూ వేయించరు. బండి ఎన్ని గంటలు తిరిగిందన్న దానికన్నా ఏ పని చేసిందన్నదే ముఖ్యం. తెనాలి, రేపల్లె వైపు డెల్టా బండైతే దమ్ములో, అంటే వరి మడిని నీళ్లలో బురదగా తొక్కించే పనిలో నలిగి ఉంటుంది. బురద నీళ్లు ముందు హబ్బుల్లోకి, వెనక యాక్సిల్ సీళ్లలోకి దిగుతాయి. సీలు పోతే ఆయిలు బ్రేకుల మీదికి వస్తుంది. వెనక చక్రం లోపలివైపు చెయ్యి పెట్టి తుడవండి. వేలికి జిడ్డు, దానికి మట్టి అంటితే సీలు పోయినట్టే. దమ్ము చక్రాలు బిగించే చోట రిమ్ము బోల్టు రంధ్రాలు సాగాయేమో కూడా చూడండి. పల్నాడు వైపు నల్లరేగడిలో మెట్ట దున్నకం చేసిన బండికి ఈ తడి బాధ ఉండదు, దుమ్ము బాధ ఉంటుంది. ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పితే ఆయిలు బురదలా గడ్డకట్టి ఉందంటే ఇంజను దుమ్ము తిన్నదని అర్థం. ఇసుకకీ ఇటుక బట్టీకీ తిరిగిన బండి మూడో రకం. దాని వెనక టైర్ల గుబ్బలు తారు రోడ్డు మీద నున్నగా అరిగి ఉంటాయి, ట్రక్కు తగిలించే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మొదటి రెండిటినీ సీళ్లు, ఫిల్టర్లు మార్చి నిలబెట్టుకోవచ్చు. మూడోదాన్ని బాగా చవకైతే తప్ప ముట్టుకోవద్దు.

ఇంజను చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. ముందురోజు ఫోను చేసి, మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు ముందే తిప్పారో అడగాలి. చల్లగా ఉంటే ఒప్పించి ఆయిలు సంపు బోల్టు కొంచెం వదులు చేయించండి. రాత్రంతా నిలబడ్డ ఇంజనులో నీళ్లు కలిసి ఉంటే అవి అడుగుకు దిగి, నల్లటి ఆయిలు కంటే ముందు నీటి చుక్కలే పడతాయి. అంటే సిలిండర్ లైనర్ల కింది రబ్బరు రింగులైనా, హెడ్ గాస్కెట్టైనా పోయినట్టు. బోల్టు విప్పడానికి ఒప్పుకోకపోతే డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లబారితే జబ్బు అదే.

తర్వాత రేడియేటరు మూత తీసి స్టార్టు చేయించండి. నీళ్లలో ఆగకుండా బుడగలొస్తే గాస్కెట్టు అనుమానం. ఇంజను వేడెక్కాక ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టండి. గాలి దబదబ తంతూ పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజను బోరుకొచ్చింది, అంటే విప్పి సిలిండర్ల పని చేయించాలి. సైలెన్సరు పొగ నీలంగా ఉంటే ఆయిలు మండుతోంది. లోడు మీద కాస్త నల్లపొగ మామూలే, విపరీతంగా ఉంటే ఇంజెక్టర్లనూ ఎయిర్ ఫిల్టరునూ చూడాలి, అది చిన్న ఖర్చు. బోరు పని అలా కాదు, క్రాంకు గ్రైండింగు కూడా తగిలితే పదుల వేలు.

క్లచ్‌కి ఒక పరీక్ష. పై గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను మూలిగి ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది. ప్లేటు ఖరీదుకు భయపడక్కర్లేదు, కానీ దాన్ని మార్చాలంటే బండిని నడుం దగ్గర రెండుగా విడదీయాలి, అసలు కూలి అదీ.

లిఫ్టుకు గొర్రు తగిలించి పైకెత్తి ఇంజను ఆపేయండి. పది నిమిషాల్లో నేలకు దిగిపోతే పిస్టన్ సీలో, వాల్వో పోయింది. రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం ఉందో లేదో చూసి, అది తగిలించాకే రోడ్డు మీద నడపండి. ఒక పక్కకు లాగే బండికి లోడు ట్రక్కు తగిలిస్తే వెనక నుంచి ట్రక్కు తోసేస్తుంది.

ఎక్కువమంది ట్రాక్టరును రెండు గంటలు చూసి ట్రక్కును రెండు నిమిషాల్లో కొంటారు. కొత్త రంగు వేసిన ట్రక్కును ముందు అనుమానించండి. ట్రాక్టరుకు తగిలించే కొండీ దాకా ముందుకు వచ్చే కడ్డీలు చాసిస్‌తో కలిసే చోటే పగుళ్లొస్తాయి. రంగు కింద కొత్త వెల్డింగు గరుకు గోటికి తగులుతుంది. అడుగు రేకును సుత్తితో కొట్టుకుంటూ వెళ్లండి. మందకొడిగా మోగిన చోట తుప్పు, యూరియా మోసినవాటికి ఇది తప్పదు. జాకీ పెట్టి ఒక్కో చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు లూజు తెలుస్తుంది. తర్వాత ఎవరినైనా తిన్నగా నడపమని వెనక నిలబడి చూడండి. చక్రం అడ్డంగా ఊగితే యాక్సిల్ వంగింది. టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. లారీ నుంచి దింపిన పాత టైరు గుబ్బ బాగున్నా పక్కలు పగిలి ఉంటే లోడు మీద పేలుతుంది.

రెండు చక్రాల ట్రక్కు చవక, పొలంలో సులువుగా తిరుగుతుంది, కానీ బరువులో కొంత ట్రాక్టరు మీదే పడుతుంది. సరుకు మరీ ముందుకు పేర్చితే కాలవ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, మరీ వెనక్కి పేర్చితే కొండీ పైకి తన్నుతుంది. మిర్చి యార్డుకు 100 టిక్కీలు (మిర్చి బస్తాలు) వేస్తే, టిక్కీకి 40 కిలోలనుకున్నా 4 టన్నులు. ఆర్సీలో రాసిన బరువు చూసుకోండి.

ఆ ఆర్సీ దగ్గరే డబ్బు పోతుంది. ట్రక్కుకు విడిగా నంబరు, విడిగా ఆర్సీ ఉండాలి. ఊళ్లో వెల్డింగు షాపులో కట్టించి రిజిస్టరు చేయని ట్రక్కులు చాలా తిరుగుతున్నాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు మాట ఎత్తలేరు. రెండు చాసిస్ నంబర్లకీ కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆర్సీతో పోల్చండి. ఫైనాన్సు ఉంటే అప్పు తీరిందని ఫైనాన్సు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు ట్రాక్టరుకో జత, ట్రక్కుకో జత. తెలంగాణ బండైతే అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వద్దు. బండికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడండి. వ్యవసాయం కింద పాలసీ ఉన్న బండితో కిరాయికి ఇసుక తోలితే క్లెయిము ఇవ్వరు. కొన్న 14 రోజుల్లోపు పాలసీ మార్పుకు దరఖాస్తు పెట్టండి, ట్రక్కు నంబరు అందులో ఉందో లేదో చూసుకోండి. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైము కూడా రాయించండి.

ఇంటికి తెచ్చాక పాత ఆయిలు ఎంత శుభ్రంగా కనిపించినా మార్చేయండి, డీజిల్ ఫిల్టర్లూ అంతే. ట్రక్కు హబ్బులు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టించి, మొదటి లోడు దింపగానే చక్రాల నట్లు మళ్లీ బిగించండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు అంటించకుండా, లైటు వెలగకుండా రాత్రిపూట హైవే ఎక్కొద్దు.