లాంగ్ బెల్‌కి ముందే గొడవ ఆపడం ఎలా

నేను జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. పిల్లలు ఉన్నట్టుండి కొట్టుకుంటారని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసినవాటిలో చాలావరకు టైమూ చోటూ ముందే అనుకున్నవి. ప్రేయర్ లైన్లో ఒక మాట, భోజనం క్యూలో ఒక తోపు, ఆ వెంటనే "సాయంత్రం బయటికి రా, చూసుకుందాం". లాస్ట్ పీరియడ్‌కల్లా క్లాసంతటికీ తెలిసిపోతుంది, మనకు తప్ప.

అందుకని చూడాల్సింది కొట్టుకునేవాళ్ళని కాదు, చూడ్డానికి ఆగేవాళ్ళని. రోజూ బెల్ కొట్టగానే ఆటో కోసం పరుగెత్తేవాళ్ళు సైకిల్ స్టాండ్ దగ్గర ఊరికే నిలబడ్డారంటే ఏదో ఉంది. ఎవడైనా స్టీలు కడియాన్ని మణికట్టు మీంచి వేళ్ళ మీదికి లాక్కుంటుంటే ఇక ఆలస్యం చేయొద్దు.

ఇద్దరిలో ఒకణ్ణి పక్కకు తప్పించండి. అందరి ముందూ కాదు. "వాలీబాల్ నెట్ విప్పాలి, రారా" అంటే చాలు. చాలామందికి కొట్టుకోవాలని ఉండదు, వెళ్ళకపోతే "భయపడ్డాడు" అంటారని టెన్షన్. "సార్ ఆపేశారు" అని చెప్పుకునే వీలు మనమే ఇవ్వాలి. స్టేజీ ఎక్కించి చేతులు కలిపించడం మాత్రం నాకు నచ్చదు. అక్కడ నవ్వి, కాలవ గట్టు మీద తేల్చుకుంటారు. బెత్తం తీసినా అంతే, పైగా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని కొట్టడం నిషేధం.

తర్వాత ఒక్కొక్కణ్ణి విడిగా కూర్చోబెట్టి "ఎందుకు చేశావ్" అనకుండా "ముందు ఏమైంది" అని అడగండి. వెక్కిరింపు పేరు, హీరోల గొడవ, గ్రూపులో పెట్టిన ఫొటో, ఒక్కోసారి కులం పేరు. ఆ చివరిదాన్ని "పిల్లల మాటలే" అని కొట్టిపారేయొద్దు, హెడ్మాస్టర్ దాకా వెళ్ళాలి. అసలు మాట్లాడనివాడి మీద ఇంకో కన్నేయండి. తరచూ చొక్కా గుండీలు తెగి, ఆటల పీరియడ్ రోజే బడి మానేస్తుంటే చాలాకాలంగా దెబ్బలు తింటున్నాడేమో. ఇంట్లోనే కొడుతున్నారని తేలితే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు.

గొడవ మొదలైపోతే ముందు గుంపును చెదరగొట్టండి. విజిల్ ఊది చూస్తున్నవాళ్ళని పేరు పెట్టి పిలవండి, ఫోన్లు జేబుల్లోకి వెళ్తాయి. కంపాస్ లాంటిది చేతిలో ఉంటే ఒక్కరే మధ్యలోకి దూరకండి. రక్తం వస్తే 108.

అమ్మానాన్నల్ని పిలిస్తే రెండు కుటుంబాలనూ వేర్వేరు టైముల్లో పిలవండి. ఆఫీసు గదిలోనే తండ్రి చెయ్యెత్తుతాడు, ఆపాలి. గేటు దగ్గరికి ఇంటర్ చదివే అన్నలు వస్తే వాళ్ళకి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సంగతి నెమ్మదిగా చెప్తాను: పదహారు నిండినవాడు ఘోరమైన నేరం చేస్తే, జువెనైల్ జస్టిస్ బోర్డు పరిశీలించి పెద్దవాళ్ళలాగే విచారణకు పంపొచ్చు. చాలామందికి ఆ ముక్క తెలీదు.

తర్వాతి వారమంతా గేటు దగ్గర ఒక టీచర్ ఉండాలి, చివరి ఆటో కదిలేదాకా.