యాక్సిల్ విప్పడం సులువే, బిగించేటప్పుడే జాగ్రత్త

మన నెల్లూరు, ప్రకాశం వైపు అసలు వానలు అక్టోబరులో గానీ మొదలు కావు. నవంబరు వచ్చిందంటే వాయుగుండం మీద వాయుగుండం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగిపోవడం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అలాంటి నీళ్లలో యాక్సిల్ బూటు (గేర్‌బాక్సు నుంచి చక్రానికి బలం అందించే కడ్డీ జాయింటు మీద ఉండే రబ్బరు తొడుగు) చిరిగిన కారు తిరిగితే బురద నేరుగా జాయింటులోకి పోతుంది. లోపలి గ్రీజు కొట్టుకుపోతే జాయింటు ఎక్కువ కాలం బతకదు. మలుపులో టక్ టక్ మంటోందంటే అప్పటికే అరిగిందని అర్థం. అందుకే యాక్సిల్ మార్చే పని సెప్టెంబరులో, నేల పొడిగా ఉన్నప్పుడే పెట్టుకోవాలి.

కావలిలో మా ఇంటి ముందు నేను ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి విప్పడం రెండు గంటల్లో అయిపోయింది, అదేదో గొప్పగా అనిపించింది. చేసిన తప్పులన్నీ మళ్లీ బిగించేటప్పుడు చేసినవే. అందుకే ఇక్కడ విప్పడం గురించి తక్కువ చెబుతాను. ఇదంతా ముందు చక్రాలకు ఇంజను బలం అందే మామూలు చిన్న కార్ల సంగతి.

ముందు నేల చూసుకోండి. ఇసుక నేలలో జాకీ కుంగుతుంది. నల్లరేగడి పైకి రాయిలా గట్టిగా కనిపించినా కింద తడి ఉంటే ఒక పక్కకు ఒరుగుతుంది. సిమెంటు చేసిన చోటే పని చేయండి. ఒంగోలు చుట్టుపక్కల ఇళ్లలో చీమకుర్తి గ్రానైటు ముక్కలు ఊరికే పడి ఉంటాయి కదా, వాటిని కారు కింద ఎత్తుకు పెట్టేవాళ్లను చూశాను. అది ఎంత గట్టి రాయి అయినా పెళుసు. ఒక మూల మీద బరువు పడితే చెప్పకుండా పగులుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలూ అంతే. కొనాల్సింది రెండు జాకీ స్టాండ్లు. వాటి కింద వేయాలనుకుంటే మందపాటి చెక్క వేయండి.

ఇంకొకటి, చాలామంది పొరబడేది. 'గేరులో పెట్టాను, కదలదులే' అనుకుంటారు. ముందు చక్రాలు రెండూ గాలిలోకి లేచాక ఆ గేరు పట్టుకునేది దేన్ని? పైగా యాక్సిల్ బయటికి వచ్చాక గేరుకీ చక్రానికీ సంబంధమే ఉండదు. కారును ఆపేది హ్యాండ్‌బ్రేకు, వెనక చక్రాలకు రెండు వైపులా పెట్టిన చెక్క దిమ్మెలు మాత్రమే.

విప్పే ముందు మూడు పనులు చేయండి. హబ్ నట్టును (చక్రం మధ్యలో యాక్సిల్ చివర ఉండే పెద్ద నట్టును) చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి పట్టు సడలేంతవరకే వదులు చేసుకోండి. షాకబ్జరును నకిల్‌కు (చక్రం హబ్‌ను పట్టుకునే ఇనప దిమ్మకు) కలిపే రెండు పెద్ద బోల్టుల చుట్టూ తెల్ల పెయింటుతో గీతలు పెట్టండి. అక్కడ మిల్లీమీటరు జరిగినా చక్రం వాలు మారిపోతుంది. మూడోది, హబ్ నట్టు, కాటర్ పిన్నులు (నట్టు తిరిగి ఊడకుండా రంధ్రంలో దూర్చే పిన్నులు), నైలాన్ నట్లు కొత్తవి తెచ్చిపెట్టుకోండి. పాతవి మళ్లీ వాడేవి కావు. తుమ్మలపెంట వైపు, మైపాడు వైపు ఉండేవాళ్లకు ఉప్పుగాలి వల్ల బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పొద్దున పానా మీద నిలబడి ఎగరాల్సిన అవసరం రాదు.

విప్పేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. షాకబ్జరు పైన, బానెట్ కింద నడిమధ్యలో కనిపించే నట్టు జోలికి పోకండి. లోపల నొక్కిపెట్టిన స్ప్రింగును పట్టుకుని ఉన్నది అదే. అది ఊడితే స్ప్రింగు మనిషిని చంపేంత బలంగా ఎగురుతుంది. యాక్సిల్ పనికి దానితో అవసరమే లేదు. బ్రేకు కాలిపర్‌ను (బ్రేకు డిస్కును నొక్కిపట్టే భాగాన్ని) కూడా గొట్టం మీద వేలాడనివ్వకండి, కట్టుతీగతో స్ప్రింగుకు కట్టేయండి.

ఇక బిగించడం. కొత్త యాక్సిల్ గేర్‌బాక్సులోకి పోయేటప్పుడు దాని పళ్లు ఆయిల్ సీలు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) పెదవిని గీరకూడదు. సీలుకు కాస్త గేరాయిల్ రాసి, యాక్సిల్‌ను తిన్నగా పట్టుకుని లోపలికి తోయాలి. చివర ఉన్న సర్‌క్లిప్ (స్ప్రింగులాంటి ఉక్కు రింగు) 'టక్' మని కూర్చోవాలి. కూర్చుందో లేదో చూడటానికి గేర్‌బాక్సు వైపు జాయింటు ఇనప డొప్పను పట్టుకుని లాగండి, నడిమి కడ్డీని కాదు. కడ్డీని లాగితే జాయింటు లోపలే విడిపోతుంది, బూటు కప్పి ఉంటుంది కాబట్టి మీకు తెలియదు కూడా.

తర్వాత లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి కారుకు కలిపే చెయ్యి) చివరి బాల్ జాయింటు. చాలా కార్లలో ఆ జాయింటు కాడ నకిల్ రంధ్రంలోకి పోతే, అడ్డంగా ఒక బోల్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది. కాడకు పక్కన చిన్న గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే పోవాలి. కాడ పూర్తిగా లోపలికి పోకపోతే బోల్టు దారికి అడ్డం తగులుతుంది. అప్పుడు సుత్తితో బోల్టును కొట్టకండి, కాడను ఇంకొంచెం లోపలికి పంపండి. ఇక్కడ తప్పు జరిగితే గుంటలో పడ్డప్పుడు చక్రం పక్కకు పడిపోతుంది. మొత్తం పనిలో నేను రెండుసార్లు టార్చి వేసి చూసేది ఈ ఒక్క బోల్టునే.

టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని నకిల్‌కు కలిపే జాయింటు) కాడ కోసుగా ఉంటుంది. నట్టు బిగిస్తుంటే కాడ కూడా తిరుగుతోందా? కింద నుంచి చిన్న జాకీతో మెల్లగా పైకి నొక్కి పట్టండి, కోసు పట్టుకుంటుంది. కాటర్ పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి తేవాలి. రంధ్రం కోసమని వెనక్కి వదలడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

స్టెబిలైజర్ లింకు దగ్గర నన్ను మా బావ ఆటపట్టించాడు. ఒక పక్క చక్రం నేల మీద, రెండో పక్క గాలిలో ఉంచి అరగంట సేపు లింకును రంధ్రంలోకి తేవాలని గునపంతో పెనుగులాడాను. "ఏంబ్బా, ఇంతసేపేంది?" అని టీ తాగుతూ అడిగాడు. రెండో పక్క కూడా ఎత్తి స్టాండు పెట్టగానే లింకు చేత్తోనే పోయింది. ఆ లింకు పట్టుకునే స్టెబిలైజర్ కడ్డీ కారు రెండు పక్కలనూ కలుపుతుంది, ఒక పక్కే ఎత్తితే మెలి తిరిగి మొరాయిస్తుంది.

నా అసలు తప్పు ఇది కాదు. లోయర్ ఆర్మ్‌ను కూడా విప్పి మళ్లీ పెట్టాను. అది కారుకు బిగిసే చోట ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రం గాలిలో వేలాడుతుండగానే బలమంతా పెట్టి బిగించేశాను. ఆ రబ్బరు లోపలి ఇనప గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే ఆ స్థితే దానికి మామూలు స్థితి అయిపోతుంది. కారు కిందికి దిగగానే రబ్బరు మెలి తిరుగుతుంది, ఇక కారు ఊరికే నిలబడి ఉన్నా మెలి తిరిగే ఉంటుంది. కొన్ని నెలలకే స్పీడు బ్రేకర్ల మీద కిర్రుమనడం మొదలైంది, విప్పి చూస్తే రబ్బరు చీలి ఉంది.

కాబట్టి బుష్ బోల్టులను ముందు చేత్తో, పానాతో ఆనేంతవరకే బిగించి వదలండి. అన్నీ అమరాక బాల్ జాయింటు దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి, ఆ పక్క కారు స్టాండు మీద నుంచి లేవబోతోందనిపించేదాకా ఎత్తండి. చక్రం నేల మీద ఉన్నప్పటి ఎత్తు దాదాపు అదే. స్టాండు అక్కడే ఉండనిచ్చి, తల కారు కింద పెట్టకుండా, అప్పుడు టార్క్ రెంచితో చివరి బిగింపు ఇవ్వండి.

హబ్ నట్టు బిగింపు చాలా కార్లలో 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మీటరు పొడవు పైపు చివర 20 కిలోల మూట వేలాడదీసినంత. మీ కారు లెక్క మాన్యువల్లో చూడండి, 'చేతికి తెలుస్తుందిలే' అనుకోవద్దు. ఒకరు బ్రేకు తొక్కితే ఇంకొకరు చక్రం గాలిలో ఉండగానే బాగా బిగించి, దించాక చివరి బిగింపు ఇవ్వాలి. హబ్ నట్టు వదులుగా ఉండగా కారును చక్రాల మీద నిలబెట్టినా, జరిపినా బేరింగు పాడవుతుంది. చివర్లో నట్టు అంచును కొట్టి షాఫ్టు గాడిలోకి ఒత్తడం మర్చిపోకండి.

కారు కదిపే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలిపర్ పిస్టన్ వెనక్కి పోయి ఉంటే మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు అంటుతుంది, అది తెలిసేది ఎదురుగా గోడ ఉన్నప్పుడు కాకూడదు. కారిపోయినంత గేరాయిల్ తిరిగి పోయండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఎక్కడా సాగకుండా, రాసుకోకుండా ఉన్నాయో చూడండి.

బాల్ జాయింటు కాడ రంధ్రంలో తుప్పుతో పట్టేసి రాకపోయినా, హబ్ బేరింగే మోగుతున్నా, పని అక్కడ ఆపి మెకానిక్‌ను పిలవండి. బేరింగుకు ప్రెస్ కావాలి, ఇంట్లో సుత్తితో అయ్యే పని కాదు.

మొదటి రోజు హైవే ఎక్కొద్దు, వీధుల్లోనే తిప్పండి. ఆ వారంలోనే అలైన్‌మెంట్ చేయించండి, పెయింటు గీతలు ఎంత బాగా కుదిరినా సరే. 50, 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ ఒకసారి రెంచితో చూసుకోండి. మర్నాడు పొద్దున కారు తీయగానే కింద సిమెంటు మీద చూడండి. గేర్‌బాక్సు ఉన్న చోట ఆయిల్ చుక్క కనిపిస్తే, సీలు పెదవి గీసుకుపోయినట్టే.