వానలకు ముందు పిక్అప్‌కు పెద్ద టైర్లు వేయిస్తున్నారా? ఇవి చూసుకోండి

టైర్ షాపులో "పడతాయి సార్, అందరూ ఇవే వేయించుకుంటున్నారు" అంటారు. నిజంగానే పడతాయి. బండి చదునైన గచ్చు మీద, ట్రే ఖాళీగా, చక్రాలు తిన్నగా ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ కనిపించదు. అసలు సంగతి గుంతలో దిగి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బయటపడుతుంది. అందుకే డబ్బులు కట్టే ముందే కాస్త లెక్క, కాస్త పరీక్ష అవసరం.

లెక్కతో మొదలుపెడదాం. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పిక్అప్‌నే తీసుకోండి. 18 అంగుళాల రిమ్‌కు 255/60 టైరు వస్తుంది. 255 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో 60 శాతం పక్కగోడ ఎత్తు. రిమ్‌తో కలిపి టైరు మొత్తం ఎత్తు 763 మి.మీ. దాని బదులు 265/65 వేస్తే 802 అవుతుంది. తేడా 39 మి.మీ. ఉన్నా, బండి కింద ఖాళీ పెరిగేది అందులో సగమే, అంటే రెండు సెంటీమీటర్ల లోపు. ఆ మాత్రానికి ఇంత ఖర్చా అనిపించవచ్చు. కానీ లిఫ్ట్ కిట్ బాడీని లేపుతుందే తప్ప వెనక యాక్సిల్ మధ్యలో గుండులా ఉండే గేర్ల పెట్టెను, అంటే డిఫరెన్షియల్‌ను, ఒక్క మిల్లీమీటరు కూడా లేపదు. దాన్ని రాళ్లకు అందకుండా లేపగలిగేది టైరు ఒక్కటే.

ఎత్తు 5 శాతం పెరిగింది కాబట్టి మీటర్‌లో అదే అంకె కనిపిస్తున్నా, మీరు మునుపటి కంటే 5 శాతం వేగంగా పోతుంటారు. స్పీడ్ కెమెరాలున్న రోడ్డులో ఇది గుర్తుండాలి. ఓడోమీటర్ కూడా తక్కువే తిరుగుతుంది. మైలేజీ పడిపోయిందని టెన్షన్ పడేముందు ఆ 5 శాతం కలిపి చూసుకోండి. ఆ తర్వాత కూడా కొంత తగ్గే ఉంటుంది, టైరు బరువు వల్ల.

ఇక తగులుడు పరీక్ష. ఇది షాపు ముందే, నాలుగు టైర్లూ బిగించకముందే చేయాలి. ముందు రెండు చక్రాలకు మాత్రం కొత్తవి వేయించి, స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి ముందుకు, వెనక్కు నడపండి. తర్వాత రెండో పక్కకు తిప్పి అలాగే చేయండి. రివర్స్‌లో చాలామంది చూడరు, మడ్ ఫ్లాప్‌కు రాసుకునేది ఎక్కువగా అప్పుడే. తర్వాత ఒక ముందు చక్రాన్ని ఎత్తైన గట్టు మీదకు ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్న స్థితిలో మళ్లీ తిప్పండి. లోపల ప్లాస్టిక్ లైనర్, క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే మౌంట్, పై కంట్రోల్ ఆర్మ్, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు, అన్నిటినీ టార్చ్ వేసి చూడండి. లైనర్‌కు కొంచెం రాసుకుంటే వేడిచేసి వెనక్కు నొక్కించవచ్చు. బ్రేక్ గొట్టానికి దగ్గరగా వస్తే మాత్రం బేరం లేదు, చిన్న సైజుకు దిగండి.

"లిఫ్ట్ వేస్తే అదే సర్దుకుంటుంది" అనే సలహా కూడా సగమే నిజం. లిఫ్ట్ వల్ల నిలబడి ఉన్నప్పుడు ఖాళీ పెరుగుతుంది. గుంతలో పడి సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుంటే, దాన్ని అక్కడ ఆపే రబ్బరు దిమ్మలు (బంప్ స్టాప్‌లు) పాతవే కాబట్టి టైరు మునుపు ఎక్కడిదాకా వెళ్లేదో అక్కడిదాకానే వెళ్తుంది. ఇక చక్రాన్ని బయటికి జరపడానికి వెనక పెట్టే స్పేసర్లు నేను వద్దనే అంటాను. చక్రం బయటికి జరిగేకొద్దీ స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్ద వలయంలో తిరిగి బంపర్‌కు తగులుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, అంతవరకే.

బ్రేకుల గురించి షాపులో ఎవరూ మాట్లాడరు. చక్రం పెద్దదైతే, పెడల్‌ను అదే బలంతో తొక్కినా రోడ్డు దగ్గర ఆపే బలం అంతే శాతం తగ్గుతుంది. దానికి తోడు టైరు బరువు. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు ఘాట్‌లోనో దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కూడా తగ్గుతుంది కనుక అలవాటైన గేరుకంటే ఒకటి తక్కువలో దిగండి. ప్యాడ్లు, ఫ్లూయిడ్ పాతబడి ఉంటే టైర్లకంటే ముందు వాటిని మార్చండి.

వానాకాలానికి మడ్ టెర్రెయిన్ టైరే సరైనదని పేరునుబట్టి అనుకుంటాం. నల్లరేగడిలో అది పనికొస్తుంది, పెద్ద గాడుల్లోంచి బురద విసిరేస్తుంది. అదే బురద, అన్ని రకాల దారులకూ వేసే ఆల్ టెర్రెయిన్ టైరు గాడుల్లో నిండిపోయి టైరు నున్నగా అవుతుంది. కానీ తడిసిన తారు రోడ్డు మీద మడ్ టైర్లకు పట్టు తక్కువ. వెడల్పు ఎక్కువైతే నిలిచిన నీళ్ల మీద తేలిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. వారమంతా ఆఫీసుకు నడిపి ఎప్పుడో ఒక ఆదివారం చెలకల్లోకి వెళ్లేవాళ్లకు ఆల్ టెర్రెయిన్ చాలు.

టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి. లోడ్ ఇండెక్స్ కంపెనీ టైరుకంటే తక్కువ ఉండకూడదు. ఉదాహరణకు 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుంది. స్పీడ్ గుర్తు క్యూ అయితే 160 కి.మీ. వరకే. DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2325 అంటే 2025లో 23వ వారం. గాలి ఎంత అంటే డోర్ దగ్గరి స్టిక్కర్ పాత సైజుకు రాసింది. కొత్త టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి కాస్త దూరం తిన్నగా నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువైనట్టు, అంచుల్లో చెరిగితే తక్కువైనట్టు. బురద కోసం గాలి తగ్గిస్తే, హైవే ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక చక్రం చిన్నదైతే గట్టి రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె), గేర్లు దెబ్బతింటాయి. పిక్అప్‌లలో స్టెప్నీ చాలావరకు ట్రే కింద వేలాడుతుంది. పెద్దది అక్కడ పడుతుందో లేదో షాపులోనే బిగించి చూడండి. జాకీ కూడా అందుతుందో పరీక్షించి, మెత్తటి నేలలో కింద పెట్టడానికి ఒక మందపాటి చెక్క వేసుకోండి.

చట్టం సంగతి: కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. అదే మోడల్‌లో పై వేరియంట్‌కు ఇచ్చే సైజు దాటకపోవడం క్షేమం. దాటాలనుకుంటే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బిగించే రోజు నట్లను ఎయిర్ గన్‌తో ఆఖరిదాకా కొట్టనివ్వకండి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం చూపించే పానా), ఎదురెదురు నట్లు మార్చుకుంటూ చేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు అవ్వాలి. 100 కి.మీ. తిరిగాక నట్లన్నీ మళ్లీ ఒకసారి చెక్ చేయించి, లైనర్‌లో కొత్త గీతలేమైనా పడ్డాయేమో చూడండి.