అక్టోబరులో ఒడిశాలోని గోపాల్‌పూర్ వైపు సముద్రం ఒడ్డున కాటేజీ తీసుకుంటున్నారా, అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

మా పిన్ని కొడుకు ఫ్లోరిడాలో ఉంటాడు, మొన్న ఫోన్ చేసి అక్కా అక్టోబరులో వస్తున్నాం, హోటల్ వద్దు, సముద్రం ఒడ్డునే చెక్క కేబిన్ ఏదైనా చూడు, పిల్లల్తో రెండ్రాత్రులు క్యాంపింగ్‌లా ఉందాం అన్నాడు. అక్టోబరా అన్నాన్నేను. వాడికి అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ (అక్కడి తుఫాను) సీజనే, అందుకని భయం లేదు. మన బరంపురం వాళ్ళకి మాత్రం అక్టోబరు అంటే గుండెల్లో రాయి పడ్డట్టే. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర ఒక తుఫాను కొట్టింది, అదే నెల 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ వచ్చేసరికి జనం ఆ మొదటిదాన్ని మర్చిపోయారు గానీ మా వీధిలో ముసలోళ్ళు మర్చిపోలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మళ్ళీ గోపాల్‌పూరే. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖలో. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. అన్నీ దసరా సెలవులు, దీపావళి, కార్తీక వనభోజనాలు అంటూ మనం బ్యాగులు సర్దుకునే రోజులే.

వెళ్ళొద్దని కాదు, మేమూ వెళ్తాం. ఎప్పుడు లేచి వచ్చెయ్యాలో బుక్ చేసేముందే తేల్చుకోండి, ఒడ్డుకెళ్ళాక తేల్చుకుందాం అంటే తేలదు.

మాకెలా తెలిసిందంటే, 2021 సెప్టెంబరులో గులాబ్ వచ్చింది కదా, అప్పుడు. శుక్రవారం వార్తల్లో ఉన్నది వాయుగుండం మాత్రమే. శని, ఆదివారాలకి ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో సోనాపూర్ వైపు ఒక కాటేజీ తీసుకున్నాం, అక్కా బావా పిల్లలతో కలిపి తొమ్మిదిమందిమి. శనివారం సాయంత్రానికి అది తుఫాను అయిపోయింది, పేరు కూడా పెట్టేశారు. ఆదివారం పొద్దున్న లేచేసరికి మైకు కట్టిన ఆటో ఒకటి ఒడియాలో బాత్యా బాత్యా (తుఫాను తుఫాను) అంటూ తిరుగుతోంది, సరుగుడు తోట ఈల వేస్తున్నట్టు మోత, కిటికీ గట్టు మీద పెట్టిన టీ గ్లాసు దానంతట అదే గజగజలాడుతోంది. కాటేజీ ఓనరేమో ఏం కాదు మేడమ్, ఇలాంటివి ఎన్ని చూశాం, ఇప్పుడెళ్తే రూపాయి కూడా వెనక్కి రాదు అన్నాడు. అక్కడే మా ఇంట్లో గొడవ, సగం మంది డబ్బులు పోతాయి సాయంత్రం దాకా చూద్దాం అని, సగం మంది పోదాం అని. బావ ఎవరి మాటా వినలేదు, వండిన ఉప్మా డబ్బాల్లో పెట్టించి తొమ్మిదిన్నరకల్లా కారెక్కించేశాడు. ఆ సాయంత్రమే గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. మేం ఇంట్లోనే ఉన్నాం, చీకట్లో అదే ఉప్మా తింటూ. అడ్వాన్స్ పోయింది, ఇప్పటికీ అక్క ఆ డబ్బుల మాట ఎత్తుతుంది.

అందుకని మొదటి జాగ్రత్త డబ్బుల దగ్గరే. ఐఎండీ (మన వాతావరణ శాఖ) తుఫాను హెచ్చరిక ఇస్తే పూర్తి అడ్వాన్స్ వెనక్కి ఇస్తాం, లేదా డేటు మారుస్తాం అని వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు. డబ్బులు పోతాయన్న బాధ లేకపోతే లేచి రావడం చాలా తేలిక, నిజంగా చెప్తున్నా.

హెచ్చరికలు నాలుగు మెట్లు. సుమారు 72 గంటల ముందు సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, తీరం దాటడానికి 12 గంటల ముందు దాటాక ఎలా ఉంటుందో చెప్పే బులెటిన్. మా ఇంటి రూలు ఏంటంటే, వాచ్ వస్తే బయల్దేరం, అక్కడ ఉండగా అలర్ట్ వస్తే ఆ పూట భోజనం చేసి వచ్చేస్తాం, వార్నింగ్ దాకా ఆగే ప్రసక్తే లేదు. గులాబ్‌లాగా గబగబా బలపడేవాటికి ఇంత టైము కూడా దొరకదు కాబట్టి బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినగానే రోజుకి రెండుసార్లు బులెటిన్ చూడండి. ఫోన్లో వాతావరణానికి మౌసమ్ యాప్, విపత్తు హెచ్చరికలకి సచేత్ యాప్, పిడుగులకి దామినీ, ఈ మూడూ ఇంటి దగ్గర ఉండగానే వేసుకోవాలి, ఒడ్డున సిగ్నల్ ఒక గీతో రెండు గీతలో.

ఫారిన్ నుంచి వచ్చే మనవాళ్ళతో ఇంకో తంటా ఉంది. వాళ్ళు అమెరికా సైట్లు చూసి గాలి ఇంతట అంతట అని గ్రూపులో పెడతారు, టీవీలో ఇంకో నంబరు ఉంటుంది, వెంటనే వాదన. అక్కడ గాలి వేగం ఒక నిమిషం సగటు, మన ఐఎండీది మూడు నిమిషాల సగటు, అందుకే వాళ్ళ నంబరు పెద్దగా కనిపిస్తుంది. మన దగ్గర గంటకి 62 కిలోమీటర్ల నుంచి తుఫాను, 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్రం. రేకుల కప్పు ఎగిరిపోవడానికి ఆ మొదటిదే చాలు.

ఇంకో పెద్ద పొరపాటు, పలాస దగ్గర దాటుతుందట, మనకి దూరంలే అనుకోవడం. మన వైపు తుఫాను ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పోతుంటే దాని కుడిపక్క అంటే ఉత్తరం వైపు గాలి సముద్రం మీంచి నేల మీదకి కొడుతుంది, ఉప్పెన నీళ్ళు ఎక్కువగా తోసేది అటే. పలాసలో దాటితే ఆ కుడిపక్కన ఉండేది ఇచ్ఛాపురం, సోనాపూర్, గోపాల్‌పూరే. తిత్లీ అప్పుడు మనకి ఆ దెబ్బ తగిలింది. గాలి తగ్గాక కూడా అయిపోలేదు, గజపతి జిల్లా కొండల్లో పడ్డ వాన వంశధార, మహేంద్రతనయ నదుల్లోకి దిగి వరదైంది, కొండచరియలు విరిగిపడ్డాయి. కాబట్టి ఒడ్డు బాలేదు, పర్లాఖెముండి వైపు కొండల్లోకి పోయి క్యాంప్ వేద్దాం అనే తెలివి అస్సలు వద్దు. బహుదా నది మొగ దగ్గర కాటేజీలకైతే ముందు సముద్రం, వెనక నది, మీరు బయటికొచ్చే దారి ఏ కల్వర్టు మీంచి పోతుందో పగలే చూసి పెట్టుకోండి.

కాటేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు బెడ్‌షీట్లు కాదు, కప్పు చూడండి. రేకులకి హుక్కు బోల్టులు ఉన్నాయా, ఉత్త మేకులు కొట్టేశారా. మేం తీసుకున్నదానికి అంచు రేకుకి నాలుగు చోట్ల మేకు ఊడిపోయి కన్నం మాత్రం ఉంది, దాన్లోంచి వెలుతురు పడుతోంది, పిల్లలు చుక్కల్లా ఉన్నాయి అని మురిసిపోయారు. ఆవరణలో కనీసం ఒక్క స్లాబు గది ఉండాలి. దగ్గర్లో తుఫాను షెల్టరు ఎక్కడో అడగండి, ఓనర్ని కాదు, పక్క పల్లె మత్స్యకారుల్ని. గోపాల్‌పూర్ వైపు ఒడియావాళ్ళు నోలియాలు అనేవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే, బాబాయ్ అని పిలిచి అడిగితే షెల్టరూ చెప్తారు, ఆ రోజు సముద్రం ఎలా ఉందో కూడా చెప్తారు. వాళ్ళు పడవలు పైకి లాగేసి తాళ్ళు కడుతుంటే ఇంకే యాప్ అక్కర్లేదు.

కారు సరుగుడు చెట్ల కింద పెట్టకండి, కొబ్బరి కింద కూడా, ముందు వైపు రోడ్డుకి తిప్పి పెట్టండి. ట్యాంకు బరంపురంలోనే నింపించుకోండి. కరెంటు, టవరు రెండూ పోయాయంటే ఫోన్‌పే ఉండదు, నోట్లు చేతిలో ఉండాలి. మోటారు తిరగదు కాబట్టి బకెట్లు, డ్రమ్ములు ముందే నింపండి. రైలు ఉందిగా అనుకోకండి, తుఫాను అంటే మొదట ఆపేది ఈ లైన్లో రైళ్ళే. తిండికి చుడా (అటుకులు), ముఢీ (మరమరాలు), బెల్లం, అరటిపళ్ళు, మన అప్పడాలు వేయించి డబ్బాలో. బొగ్గుల కుంపటి గానీ జనరేటరు గానీ గదిలో పెట్టి తలుపులు మూశారో, ఆ పొగలోని విషవాయువుకి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఆకాశం బాగున్నా పిల్లల్ని నీళ్ళలో వదలొద్దు. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను ఉంటే ఎండ కాస్తుండగానే ఇక్కడ అలలు పెరుగుతాయి, లోపలికి లాగే నీటి పాయలు ఉంటాయి. అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈదాలి. మొగలి పొదల్లో పాములుంటాయి, రాత్రి టార్చి లేకుండా బాత్‌రూముకి కూడా వెళ్ళొద్దు. ఉక్కపోతకి ఓఆర్ఎస్, దోమలకి తెర, అంతే.

ఒకవేళ ఇరుక్కుపోతే స్లాబు గదిలో, కిటికీలకి దూరంగా ఉండండి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి నిశ్శబ్దం అయితే అయిపోయిందని బయటికి రావొద్దు, అది తుఫాను కన్ను అయ్యుండొచ్చు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గట్టిగా కొడుతుంది. తర్వాత కూడా తెగిపడిన వైర్ల దగ్గరికి, పారుతున్న నీళ్ళలోకి పోకండి. అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూము 1077, ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి, ఫోన్ చచ్చిపోతే కనీసం పక్కవాళ్ళ ఫోన్లోంచి చెయ్యొచ్చు.

తమ్ముడికి ఇదంతా చెప్తే అయితే ఎప్పుడు రమ్మంటావే అన్నాడు. జనవరి, సంక్రాంతి అయిన వారం అన్నాను, అప్పుడు మన వైపు తుఫాన్లు చాలా అరుదు, చలి కూడా హాయిగా ఉంటుంది. ఫిబ్రవరికి జరిపితే రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే టైము మొదలైపోతుంది, ఆ ఒడ్డున లైట్లు, మంటలు పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. కాటేజీ ఒకటి చూశాను, స్లాబు గది ఉంది, అడ్వాన్స్ మాత్రం ఇంకా కట్టలేదు, రిఫండ్ సంగతి ఆయన వాట్సాప్‌లో రాసి పంపిన రోజు కడతాను.