కోడి పాదాన్ని తిప్పి చూడండి: మాంసం కొనేవాళ్లు ఫారాన్ని అంచనా వేసే పద్ధతి

మాంసం తినాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. తినాలని తేల్చుకున్నవాళ్లకు మాత్రం ఆ ప్రాణి ఎలా బతికిందో, ఎలా చచ్చిందో కనుక్కునే బాధ్యత ఉంటుంది. ప్యాకెట్ మీది పచ్చిక బొమ్మ, ‘సహజం’ అన్న మాట ఈ విషయంలో ఏమీ చెప్పవు. ‘బోనులో పెంచనిది’ అన్న ముద్ర గుడ్ల విషయంలో చాలా పెద్ద తేడా చూపిస్తుంది. మాంసం కోళ్లను ఎక్కువచోట్ల ఎలాగూ నేల మీదే పెంచుతారు కనుక ఇక్కడ దానికి విలువ తక్కువ. నమ్మదగ్గ సాక్ష్యం కోడి ఒంటి మీదే ఉంటుంది.

ఫారానికి ఎప్పుడు వెళ్తారన్నది ముఖ్యం. మొదటి వారంలో ఏ షెడ్డు చూసినా ముచ్చటగానే ఉంటుంది. కోళ్లు అమ్మకానికి వచ్చే చివరి వారంలో, తెల్లవారుజామున వెళ్లండి. రాత్రంతా మూసి ఉంచిన గాలి ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది. ఉతికిన బట్టలు, శుభ్రమైన చెప్పులు వేసుకోండి. గడచిన రెండు మూడు రోజుల్లో వేరే కోళ్ల దగ్గరికి వెళ్లి ఉంటే లోపలికి అడుగుపెట్టొద్దు. రోగాల భయంతో రైతు రానివ్వకపోతే తప్పుపట్టకండి, ఆ భయం న్యాయమైనదే. కిటికీలోంచి చూపించమనండి.

లోపలికి వెళ్లగానే కోడి ఎత్తుకు, అంటే నేలకు ఒక అడుగు పైకి, ముక్కు వచ్చేలా కూర్చోండి. అమ్మోనియా ఘాటును మొదటి నిమిషంలోనే గమనించాలి. తర్వాత ముక్కు అలవాటు పడిపోతుంది. రోజూ షెడ్డులో తిరిగే మనిషికి ‘వాసనేం లేదే’ అనిపించేది అందుకే. యూరప్ నిబంధనల్లో దీని పరిమితి 20 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 20 భాగాలు. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయంటే ఆ షెడ్డు అప్పటికే హద్దు దాటిందనుకోవచ్చు.

ఇప్పుడు లిట్టర్ చూడండి, అంటే నేల మీద పరిచిన, రెట్ట కలిసిన పొట్టు. గోడ పక్కన, షెడ్డు నడుమ, నీటి గొట్టాల కింద, ఇలా మూడు చోట్ల నుంచి పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదలండి. కొద్దిగా ముద్దకట్టి వెంటనే విడిపోతే బాగున్నట్టు. ముద్ద అలాగే నిలిస్తే తడి ఎక్కువైంది. అసలు ముద్దే కట్టకుండా దుమ్ములా రాలిపోతే మరీ పొడి, అది ఊపిరితిత్తులకు చేటు. తడికి చాలాసార్లు మూలం నిపుల్ డ్రింకర్లే, అంటే కోడి ముక్కుతో పొడిస్తే నీటిచుక్క వదిలే మొనలున్న గొట్టాలే. కోడి మెడ చాచి పైకి చూస్తూ తాగేంత ఎత్తులో గొట్టం ఉండాలి. కిందికి ఉంటే ముక్కుతో పక్కకు తడుతుంది, నీళ్లు కారతాయి, గొట్టం పొడవునా అట్టకట్టిన చారిక కనిపిస్తుంది. దాణాలో ఉప్పు ఎక్కువైనా, గాలి ఆడకపోయినా ఇదే జరుగుతుంది. తడిసిన రెట్టలోంచి అమ్మోనియా పుడుతుంది, ఆ తడిలో రోజుల తరబడి నిలబడ్డ పాదం పుండవుతుంది.

ఆ పుండునే చూడాలి. తలుపు దగ్గరివి మాత్రమే కాకుండా నాలుగు మూలల నుంచి కనీసం 20 కోళ్లను ఒక్కొక్కటిగా, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకోండి. తడిగుడ్డతో అరికాలు తుడవండి. ఇది చెయ్యకపోతే అంటుకున్న మట్టిని పుండనుకుంటారు, లేదా పుండునే మట్టి అనుకుంటారు. ఆరోగ్యమైన అరికాలు లేత రంగులో, చిన్న చిన్న పొలుసులు విడివిడిగా కనబడుతూ, వేలికి మెత్తగా తగులుతుంది. చెడినదానికి నడిమధ్యలో గోధుమరంగు లేదా నల్లటి పెచ్చు ఉంటుంది. పాదం వాచి వేడిగా ఉందంటే ఆ కోడి అడుగడుగునా నొప్పి భరిస్తోంది. తర్వాత మోకాలిలా కనిపించే వెనక కీలు చూడండి (నిజానికి అది మడమ). అక్కడ గోధుమరంగు మచ్చలుంటే కోళ్లు నిలబడలేక ఎక్కువసేపు తడి లిట్టర్ మీదే కూర్చుంటున్నాయని అర్థం.

నడక చూడకుండా బయటికి రావద్దు. కోళ్ల మధ్య మెల్లగా నడవండి. పక్కకు జరగకుండా కూర్చున్నదాన్ని చేత్తో నెమ్మదిగా తట్టండి. శాస్త్రవేత్తలు కోడి నడకకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 0 అంటే చక్కటి నడక, 5 అంటే అసలు నడవలేనిది. కుంటు స్పష్టంగా తెలిసి, కదలిక తగ్గిపోయి, నాలుగడుగులకే కూలబడితే 3 లేదా ఆపైన. అది ఒట్టి బద్ధకమేమో అనేవాళ్లకు 2000లో ప్రచురితమైన ఒక ప్రయోగం జవాబిచ్చింది. నొప్పి తగ్గించే మందు కలిపిన దాణాను, మామూలు దాణాను పక్కపక్కనే పెడితే కుంటి కోళ్లు మందున్న దాణానే ఎక్కువ తిన్నాయి. కుంటు ముదిరిన కొద్దీ ఇంకా ఎక్కువ తిన్నాయి.

ఈ కుంటుకు ప్రధాన కారణం జాతి. ఒకే దాణాతో పెంచి పోల్చిచూస్తే, 1957 నాటి జాతి 56 రోజులకు సుమారు 0.9 కిలోలు తూగింది. 2005 నాటి జాతి అదే వయసుకు సుమారు 4.2 కిలోలు తూగింది. కాళ్లు, గుండె ఆ వేగాన్ని అందుకోలేవు. అందుకే ‘ఎంత బాగా చూసుకుంటారు?’ అని అడిగే ముందు ‘ఏ జాతి? ఎన్ని రోజులకు ఎంత బరువుకు అమ్ముతారు?’ అని అడగండి. నిదానంగా పెరిగే జాతిని ఎంచుకున్న రైతుకు ఖర్చు ఎక్కువవుతుంది. ఆ తేడాను కొనేవాళ్లు భరించకపోతే అతను మళ్లీ వేగంగా పెరిగే జాతికే వెళ్తాడు.

చోటును మీరే లెక్కగట్టండి. షెడ్డు పొడవును వెడల్పుతో గుణించి, కోళ్ల సంఖ్యను దాంతో భాగించి, అమ్మే బరువుతో గుణించాలి. 50 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పున్న షెడ్డులో 9,000 కోళ్లుంటే చదరపు మీటరుకు 15. ఒక్కోటి 2.2 కిలోలైతే 33 కిలోలు. యూరప్‌లో మామూలు పరిమితి అదే, షరతులతో 42 వరకు పోవచ్చు. 42 దగ్గర ఒక్కో కోడికి దక్కేది ఏ4 కాగితమంత కూడా కాదు. కోడి దువ్వుకుని, రెక్కలు చాచి, తెరిపిగా తిరగాలంటే 11 కిలోలు మించకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో చెప్పింది. చట్టం ఒప్పుకునేదానికీ, ప్రాణికి అవసరమైనదానికీ మధ్య ఉన్న దూరం అంత.

వెలుతురుకు పెద్ద పరీక్ష అక్కర్లేదు. పత్రిక అక్షరాలు కష్టపడకుండా చదవగలగాలి. రాత్రి దీపాలు ఎన్ని గంటలు ఆర్పుతారో అడగండి. మొత్తం 6 గంటల చీకటి, అందులో కనీసం 4 గంటలు ఏకధాటిగా ఉండాలి.

చనిపోయిన కోళ్ల రిజిస్టర్ చూపించమనండి. 40 రోజుల మందలో మొత్తం చావులు మూడు నాలుగు శాతం దాటితే కారణం అడగాలి. కోలుకోలేవని రైతే ఏరి చంపిన కోళ్లను రాసే గడి పూర్తిగా ఖాళీగా ఉన్నా అనుమానించండి. లేవలేని కోళ్లను ఆ బాధనుంచి తప్పించకుండా, దాహంతో వాటంతటవే చావనిస్తున్నారేమో!

పట్టుకోవడం, తరలించడం, కోయడం గురించి కూడా అడగండి. దాణాను కోతకు 8 నుంచి 12 గంటల ముందు ఆపొచ్చు, నీళ్లు మాత్రం చివరిదాకా ఉండాలి. రెక్క పట్టుకుని లేపితే కీలు తప్పుతుంది, గుప్పెడేసి కోళ్లను కాళ్లు పట్టి తలకిందులుగా మోస్తే తొడ కీళ్లు తప్పుతాయి. పెట్టెలో 2 కిలోల కోడికి కనీసం 320 చదరపు సెంటీమీటర్లు కావాలి. కోసే ముందు స్పృహ పోగొట్టాలి. కరెంటు నీళ్లలో ముంచే పద్ధతిలో కోళ్లను బతికుండగానే కాళ్లతో వేలాడదీస్తారు, పైగా తల ఎత్తిన కోడి నీటిని తప్పించుకుని స్పృహతోనే కత్తి దగ్గరికి చేరుతుంది. పెట్టెల్లో ఉండగానే వాయువుతో స్పృహ తప్పించే చోట ఈ వేలాడదీయడం ఉండదు. ఏ పద్ధతైనా కంటిపాపను మెల్లగా తాకినప్పుడు రెప్ప కొట్టినా, లయగా ఊపిరి తీస్తున్నా మళ్లీ స్పృహ తప్పించాలి. మెడలో రెండు వైపులా ధమనులు తెగాలి. వేడినీళ్లలో వేసేముందు కనీసం 90 సెకన్లు ఆగాలి.

ఫారానికి వెళ్లే వీల్లేనివాళ్లు చర్మంతో, కాలి కీలుతో సహా ఉన్న కోడిని కొని చూడొచ్చు. కీలు దగ్గర గోధుమరంగు మచ్చ తడి లిట్టర్‌ను పట్టిస్తుంది. రెక్క మీద, తొడ మీద ఎర్రగా కమిలి ఉంటే అది పట్టేటప్పుడో, తరలించేటప్పుడో తగిలిన దెబ్బ. ఆకుపచ్చకు తిరిగి ఉంటే అంతకంటే ముందుది, షెడ్డులోనే తగిలింది. రొమ్ము ముక్క మీద కండ పోగుల వెంట తెల్లటి చారలు కనిపిస్తే అది మరీ వేగంగా బరువు పెరిగిన కోడి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. ఒకేచోట నాలుగు వారాలు వరసగా కొని, ప్రతిసారీ ఏం కనిపించిందో రాసుకోండి. మచ్చలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే అమ్మేవాళ్లకు చూపించి, ఏ ఫారం నుంచి వచ్చిందో అడగండి.