డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడితే: మిషన్‌లో ఊదినప్పటి నుంచి కోర్టు దాకా

గుత్తి దగ్గర 44వ నంబరు హైవే మీదైనా, కర్నూలు, కడప టౌన్లలో రాత్రి తనిఖీల్లోనైనా బండి ఆపగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: ఎంతో కొంత కట్టేసి పోదామని. దాన్ని అక్కడే మానుకోండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కేసు హెల్మెట్ చలానా లాంటిది కాదు. రోడ్డు మీద జరిమానా కట్టించుకునే అధికారం పోలీసులకు లేదు, తేలాల్సింది కోర్టులోనే. చేతిలో పెట్టే డబ్బు లంచం, అది ఇంకో నేరం.

100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే కేసే. 70 కిలోల మనిషి ఒక క్వార్టర్ విస్కీ తాగితే సుమారు 120–130 దాకా పోతుంది. శరీరం గంటకు 15 మి.గ్రా. చొప్పునే తగ్గించుకుంటుంది. రాత్రి 11కు తాగి తెల్లవారి 5కు అనంతపురం బయల్దేరినా పరిమితి పైనే ఉండొచ్చు. మజ్జిగ తాగినా, ఉల్లిగడ్డ నమిలినా ఈ లెక్క మారదు.

ఊదే ముందు కొత్త స్ట్రా పెట్టమని అడగండి. అప్పుడే దగ్గు మందు తాగినా, మౌత్‌వాష్ వాడినా నోట్లో మిగిలిన ఆల్కహాల్ రీడింగ్‌ను పెంచుతుంది. ఆ సంగతి చెప్పి, 15–20 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేయమనండి. స్లిప్పు మీద టైము, రీడింగ్, మిషన్ సీరియల్ నంబరు చూసుకొని, వీలైతే ఫోటో తీసుకోండి. రేపు వకీలు మొదట అడిగేది ఆ కాగితమే. ఊదనని మొండికేస్తే లాభం లేదు: తాగారన్న అనుమానానికి కారణముంటే అరెస్టు చేయొచ్చు. సరైన కారణం చూపకపోతే 205వ సెక్షన్ కింద ఆ నిరాకరణే మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మీ ఇంట్లోవాళ్లకు కబురు పెట్టాలి, వకీలును కలవనివ్వాలి. ఇది బెయిలబుల్ నేరం, జామీను ఇస్తే వదలాల్సిందే. 202వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకుంటే కస్టడీ నుంచి వదిలేయాలి. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. వదిలినంత మాత్రాన కేసు పోదు. అయినా అరెస్టు టైము, ఆసుపత్రి టైము రాసిపెట్టుకోండి. రక్తం తీసేటప్పుడు స్పిరిట్ దూదితో తుడవొద్దని చెప్పండి. సీసాలో సోడియం ఫ్లోరైడ్ (రక్తం పాడవకుండా కలిపే రసాయనం) లేకపోతే నిల్వలో ఆల్కహాల్ శాతం మారే ప్రమాదముంది. అరెస్టయిన మహిళ నుంచి మగ డాక్టరు రక్తం తీస్తే పక్కన ఇంకో మహిళ ఉండి తీరాలి.

బండి సంగతికొస్తే, తాగని, లైసెన్సున్న మనిషి పక్కనుంటే అతనికి ఇవ్వాలని, లేకుంటే బంధువులను పిలవాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. ఆ తీర్పు ఇక్కడి పోలీసులను నేరుగా కట్టడి చేయదు గానీ చూపించి అడగొచ్చు. ఆర్‌సీ, లైసెన్సుతో మనిషిని పిలిపించుకోవడమే దగ్గరి దారి.

కోర్టులో "ఒప్పుకుంటే ఈరోజే అయిపోతుంది" అని పక్కవాళ్లు తొందర పెడతారు. అయిపోయేది వాయిదాలే. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 15,000, జైలు రెండేళ్ల దాకా. పైగా శిక్ష పడితే 20వ సెక్షన్ కింద కనీసం ఆరు నెలలు లైసెన్సు రద్దు. ఆటో, లారీ నడిపి బతికేవాళ్లకు జరిమానా కన్నా ఇదే పెద్ద దెబ్బ. కాబట్టి ఒప్పుకునే ముందు స్లిప్పు, డాక్టరు రిపోర్టు, మిషన్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ (మిషన్ సరిగ్గా కొలుస్తోందని చూపే కాగితం) వకీలుకు చూపించండి. వాయిదాకు మాత్రం తప్పకుండా పోండి, పోకపోతే వారంటు వస్తుంది.

వకీలుకు డబ్బుల్లేకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం ఉంది.

యాక్సిడెంట్‌లో ప్రాణం పోతే లెక్క పూర్తిగా మారుతుంది. నిర్లక్ష్యం కింద పడే ఐదేళ్ల దాకా జైలుతో ఆగకపోవచ్చు. 2006 నాటి ముంబై కేసులో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలు చనిపోతే, తాగి నడిపినవాడిది హత్య కాని ప్రాణహరణమేనని 2012లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఇప్పుడు ఆ నేరం భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్‌లో ఉంది. మీ బండి రిపేరుకు ఇన్సూరెన్స్ కూడా రాకపోవచ్చు: ఊదిన రీడింగ్ లేకున్నా, మిగతా సాక్ష్యంతో తాగినట్టు తేలితే కంపెనీ కాదనొచ్చని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది.

పోలీసులు లైసెన్సు తీసుకుంటే రసీదు అడిగి తీసుకోండి, అయితే ఆ రసీదుతో బండి నడపొద్దు. కాగితాలు ఆర్టీవోకు పోతే అక్కడా మీ మాట వినాలి. వ్యతిరేకంగా ఆర్డరు వస్తే అప్పీలుకు 30 రోజులుంటాయి. రద్దు గడువులో నడిపి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.