కార్తీక స్నానానికి వెళ్లే ముందు స్ట్రిప్పు చూసుకోండి: ఫిట్స్ ఉన్నవాళ్ల ఇళ్లకు జాగ్రత్తలు

మొన్న సోమవారం తెల్లవారుజామున మా ఊరి రేవులో, మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ కుర్రాడు ఉన్నట్టుండి ముందుకు పడిపోయాడు. పక్కన అరటి దొప్పలో దీపం వదులుతున్నావిడ మునక వేస్తున్నాడనుకుంది. నీళ్లలో చెయ్యి టపటపా కొట్టుకోవడం కనిపించి కేక పెట్టింది. ఇద్దరు మగవాళ్లు దిగి లాగారు కాబట్టి బతికాడు. ఒడ్డున ఉన్న సంచిలో ఫిట్స్ మాత్రల స్ట్రిప్పు దొరికింది. పదింటిలో ఒక్కటే ఖాళీ. మాల వేసుకున్న దగ్గర్నుంచి మానేశాడట. ‘నాలుగేళ్లుగా రాలేదు కదండీ, తగ్గిపోయిందనుకున్నాం’ అంది వాళ్లమ్మ.

నేను మెడికల్ షాపు నడుపుతాను. చేతిలో తాళాలు పెట్టకూడదని, నోట్లో చెంచా దూర్చకూడదని ఇప్పటికి చాలామందికి తెలుసు, వాటి జోలికి పోను. కౌంటర్ వెనక నుంచి నేను చూసినంతలో కుటుంబాలను ముంచింది ఒకే తప్పు: సొంతంగా మాత్ర మానేయడం.

మాత్ర సంగతి

నాలుగేళ్లు ఫిట్స్ రాలేదంటే ఆ నాలుగేళ్లూ మాత్ర కాపలా కాసిందని అర్థం. సరైన మందు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ మందును ఒక్కసారిగా ఆపితే మాత్రం మెదడు ఎదురు తిరుగుతుంది. ఒక ఫిట్ తగ్గకముందే ఇంకొకటి, మధ్యలో తెలివి రాకుండా వరసగా రావచ్చు. అది ప్రాణాల మీదికి తెచ్చేది. డాక్టర్ ఆపాలనుకున్నా నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

ఉపవాసం ఉన్నాం, మంచినీళ్లు కూడా ముట్టం అంటారు కొందరు. వ్రతానికి భంగం కలిగించని ఎనిమిదింటిలో నీళ్లు, పాలు, పండ్లతో పాటు ఔషధం కూడా ఉంది. శాస్త్రం చెప్పిన మాటే అది. అనుమానముంటే మీ పురోహితుణ్ణి అడగండి. మాత్ర మాత్రం వేసుకోండి.

రాత్రి డోసు భజనలో పడి మరిచిపోతారు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, గురుస్వామికి ముందే చెప్పండి. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి డోసు టైం దగ్గర పడిపోయిందా, అదొక్కటే వేసుకోండి, రెండూ కలిపి మింగొద్దు.

నిద్ర, నీళ్లు

జాగారం ఫిట్స్ ఉన్నవాళ్లకు పనికిరాదు. నిద్ర చాలకపోతే మందు వాడుతున్నా రావచ్చు. టీనేజీ పిల్లల్లో ఒక రకం ఉంది. పొద్దున లేవగానే చేతులు జర్కుమంటాయి, కాఫీ గ్లాసు ఎగిరి పడుతుంది. ఇంట్లోవాళ్లు ‘చేతికి జారుడెక్కువ’ అని తిడతారు. ఆ గ్లాసు సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఈ పిల్లలకు నిద్ర తక్కువైన మర్నాడు పొద్దున్నే గండం. మన స్నానాలన్నీ సరిగ్గా ఆ వేళకే.

మునకలు వద్దు. మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకోండి, పక్కన ఈత వచ్చినవాళ్లు ఉండాలి. మోకాలి లోతేగా అనకండి, పైన చెప్పిన కుర్రాడిదీ మోకాలి లోతే.

షుగర్, హార్మోన్లు

షుగర్ ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది. తిండి మానేసినా, వేసుకున్న ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర గానీ తన పని తాను చేసుకుపోతుంది. రక్తంలో చక్కెర 70 కిందికి వస్తే చెమటలు, వణుకు, గాభరా. ఇంకా దిగితే మెదడుకు తిండి అందక ఫిట్స్ రావచ్చు, మూర్ఛరోగం లేనివాళ్లకైనా సరే. కాబట్టి షుగర్ మందు డోసు ఉపవాసానికి ముందే డాక్టర్‌ని అడిగి మార్పించుకోవాలి. ఫిట్స్ మాత్ర మాత్రం మార్చడానికి వీల్లేదు. రెండూ వాడేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి అన్నీ మానేస్తారు, తంటా అక్కడే.

ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మెదడును రెచ్చగొడుతుంది, ప్రొజెస్టిరాన్ అనేది జోకొడుతుంది. నెలసరి ముందు ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది గనుక కొందరికి ఆ రోజుల్లోనే ఫిట్స్ ఎక్కువ. పూజ ఉందని నెలసరి వాయిదాకు మాత్రలు అడిగేవాళ్లు ఈ నెలంతా మా షాపుకొస్తారు. ఫిట్స్ ఉన్నాయన్న మాట నూటికి ఒక్కరు కూడా చెప్పరు. ఫెనిటాయిన్, కార్బమజపైన్ లాంటి ఫిట్స్ మందులు వాడుతుంటే కాలేయం ఆ వాయిదా మాత్రలోని హార్మోన్‌ని త్వరగా కరిగించేస్తుంది, వాయిదా మాత్ర సరిగ్గా పనిచేయదు. డాక్టర్‌ని అడగకుండా కొనొద్దు.

పెళ్లిళ్లు కూడా ఇప్పుడే. అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయని దాచి పెళ్లి చేస్తారు. అత్తారింట్లో మాత్ర ఎక్కడ దాచాలో తెలియక ఆ పిల్ల మానేస్తుంది. మళ్లీ అదే తప్పు! హిందూ వివాహ చట్టంలో మూర్ఛరోగం పెళ్లికి అడ్డు అన్న మాటను 1999లోనే తీసేశారు. చెప్పి చేయండి. వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతున్న అమ్మాయి గర్భం అనుకోకముందే న్యూరాలజిస్టును కలవాలి, ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. అలాగని భయపడి రాత్రికి రాత్రి ఆపేశారో, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో చెప్పేస్తాను.

పొగలు కక్కే నీళ్లు నెత్తిన గుమ్మరించొద్దు. వేడినీళ్లతో తలంటుకుంటే ఫిట్స్ వచ్చే రకం మన దక్షిణాదిలో ఉంది, బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు ఏళ్ల తరబడి దీని మీద పరిశోధన చేశారు. గోరువెచ్చగా చాలు.

కర్పూరం బిళ్లలు పిల్లలకు అందనివ్వొద్దు. మింగితే ఏ రోగం లేని బిడ్డకైనా ఫిట్స్ రావచ్చు.

జలుబని నీలగిరి తైలం ఆవిరి పట్టొద్దు.

ఫిట్స్ ఉన్నవాళ్లను దీపాల వరసలో ఒంటరిగా వదలొద్దు. చీర కొంగు దోపుకోవాలి.

వనభోజనాల్లో పొయ్యి దగ్గర పని అప్పజెప్పొద్దు. చెట్టెక్కనివ్వొద్దు.

గుడికి బండి వాళ్లు నడపొద్దు. వెనక కూర్చోమనండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి టైం చూడండి. 5 నిమిషాలు దాటితే 108. నీళ్లలో వస్తే నిమిషాలు లెక్కపెట్టొద్దు, తేరుకున్నా సరే ఆసుపత్రికే.

తెలివి పూర్తిగా రాకముందు తీర్థం పోయొద్దు, పంచదార నీళ్లూ పోయొద్దు.

సెలవులకు ముందే నెల మాత్రలు కొని పెట్టుకోండి. కంపెనీ మార్చి ఇస్తే ఎందుకని అడగండి, నన్నైనా సరే.

నవంబర్ 17 జాతీయ మూర్ఛ దినం. శబరిమల మండలకాలం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. మాల వేసుకోబోయేవాళ్లు ఇరుముడిలో కాదు, చొక్కా జేబులో స్ట్రిప్పు పెట్టుకోండి. అందులో ఎన్ని ఖాళీ అయ్యాయో రోజూ రాత్రి ఇంట్లో ఒకరు చూడాలి.